సైకిల్ స్టాండు చప్పుడు

మా నాయన సైకిల్ స్టాండు వేసే చప్పుడును బట్టి ఆ రాత్రి ఎట్లా గడుస్తుందో నాకు ఎనిమిదేళ్లకే తెలిసిపోయేది. ఒక్క తన్నుకే స్టాండు పడితే ఆ రోజు తాగలేదని లెక్క. రెండుసార్లు జారి మూడోసారికి పడితే కాస్త తాగాడు. అన్నం పెట్టేటప్పుడు అమ్మ నోరు మెదపకుండా ఉంటే గండం గడిచినట్టే. స్టాండు అసలు పడకుండా సైకిలే వచ్చి గోడకు కొట్టుకుంటే మాత్రం నేను పలక, పుస్తకాలు గబగబా సర్ది, లాంతరు వత్తి తగ్గించి, గోడవైపు తిరిగి పడుకొనేవాణ్ణి. నిద్ర ఎక్కడ పడుతుంది! నిద్రపోయేవాడిలా ఊపిరి తీయడం మాత్రం బాగా నేర్చుకున్నాను. రేడియోలో తుపాను కబురు చెప్పేవాళ్లకు జీతాలుండేవి. మా ఇంటి తుపాను కబురు పసిగట్టే ఉద్యోగానికి జీతమూ లేదు, సెలవూ లేదు.

మాది నెల్లూరు జిల్లాలో కావలి పక్క పల్లె. నాయన ధాన్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. చెడ్డవాడు కాదు. పొద్దున పూట నన్ను భుజాన ఎక్కించుకొని చెరువుకు తీసుకెళ్లిన మనిషే, పొద్దుగూకేసరికి సారా పాకెట్టు పళ్లతో చించి ఇంకో మనిషై వచ్చేవాడు. నన్ను భయపెట్టింది ఆ రెండో మనిషి ఒక్కడే అయితే ఏదో ఒక తీరున అలవాటు పడేవాణ్ణి. ఇవాళ ఏ మనిషి వస్తాడో తెలియకపోవడమే అసలు భయం.

1992లో నాకు పందొమ్మిదేళ్లు, చెల్లెలికి ఏడు. ఒక రాత్రి అది అన్నం తింటోంది. బయట సైకిలు గోడకు కొట్టుకుంది. దాని చెయ్యి కంచానికీ నోటికీ మధ్య ఆగిపోయింది. ముద్ద వేళ్లలోనే ఉంది, కళ్లు గుమ్మం మీద ఉన్నాయి. నేను వదిలేసిన ఉద్యోగంలో అది చేరిపోయిందని అప్పుడు అర్థమైంది. దాని చేతిలో ఆగిపోయిన ఆ ముద్దను ఇప్పటికీ మరిచిపోలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ నాలుగు మాటలూ మీకోసమే. ఇల్లు, బిడ్డల పెంపకం అనగానే మీరు పేజీ తిప్పేస్తారని తెలుసు. ఇంకా పెళ్లే కాలేదు, ఉద్యోగమే రాలేదు, ఈ ముచ్చట్లన్నీ పెద్దవాళ్లు చూసుకుంటారులే అనుకుంటారు. నిజమే, పెద్దవాళ్లు చూసుకుంటారు. వాళ్లు చూసుకున్న తీరు ఎట్లా ఉందో మీలో సగంమందికి మీ చిన్నతనాలే చెబుతాయి. రేపు మన తెలుగు రాష్ట్రాల్లో పుట్టబోయే బిడ్డలందరూ మీ చేతుల్లోకే వస్తారు. తల్లిగానో తండ్రిగానో కాకపోతే అన్నగా, అక్కగా, బాబాయిగా, పిన్నిగా, పక్కింటివాడిగా. పిల్లవాడికి ఇల్లు నిలకడగా ఉండాలా, గాలిలో దీపంలా ఉండాలా అన్నది తేల్చేది మీ తరమే.

నిలకడ అన్నాను. ఆ మాటను కాస్త విప్పి చెప్పాలి. నిలకడైన ఇల్లు అంటే మూడు పడకగదుల ఫ్లాటని బ్యాంకువాళ్ల ప్రకటనలు చెబుతాయి. పసిబిడ్డకు చదరపు గజాల లెక్క తెలియదు. వాడికి తెలిసినవి కొన్నే. ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారా? వచ్చేది రోజూ ఆ మనిషేనా? నిన్న నవ్వినందుకు ముద్దు పెట్టిన మనిషి ఇవాళ అదే నవ్వుకు కసురుతాడా? చీకటి పడ్డాక ఏం జరుగుతుందో ముందే తెలుస్తుందా? ఈ ప్రశ్నలకు సరైన జవాబు దొరికితే రేకుల షెడ్డయినా వాడికి కోటే. దొరకకపోతే కోటలో ఉన్నా వాడు బిక్కుబిక్కుమంటూనే ఉంటాడు.

ఇది మెత్తటి మనసువాళ్లు చెప్పే మాట అనుకోకండి. పుట్టినప్పుడు బిడ్డ మెదడు పెద్దవాళ్ల మెదడులో సుమారు నాలుగో వంతు ఉంటుంది. రెండేళ్లకు ముప్పావు వంతు దాటుతుంది, ఆరేళ్లు వచ్చేసరికి 90 శాతం దాకా చేరుతుంది. అంటే బడిలో ఒకటో తరగతి పంతులుగారు పలక పట్టించేలోపే ఇంటి పని చాలావరకు అయిపోయి ఉంటుంది. ఆ మెదడు పెరిగేది పాలూ పప్పుతో మాత్రమే కాదు. బిడ్డ 'ఊ' అంటే తల్లి 'ఊ' అంటుంది, బిడ్డ కాకిని చూపిస్తే తాత 'కాకి, కావు కావు' అంటాడు. ఇట్లా రోజుకు వందసార్లు జరిగే ఇచ్చిపుచ్చుకోలుతో నరాల దారులు పడతాయి. పదేపదే నడిచిన పొలం గట్టు బాట అవుతుంది, ఎవరూ నడవని చోట గడ్డి మొలుస్తుంది. ఇక ఇంట్లో ఎప్పుడూ భయమే అయితే ఒంట్లో కార్టిసాల్ లాంటి రసాయనాలు తగ్గవలసినప్పుడు తగ్గవు. కుక్క తరిమినప్పుడు పరుగెత్తడానికి పనికొచ్చే ఏర్పాటు అది. నెలల తరబడి అదే ఏర్పాటులో బతికే పిల్లవాడికి జ్ఞాపకం, ఏకాగ్రత, నిద్ర అన్నీ దెబ్బతింటాయి. 'మావాడికి చదువు ఎక్కడం లేదండీ' అని బళ్లో తలపట్టుకునే తండ్రులను చూస్తుంటాను. ఎక్కడానికి వాడి తలలో చోటేదీ? రాత్రంతా అక్కడ ఎవరో కాపలా కాస్తున్నారు.

రుమేనియా దేశం సంగతి ఒకటి మీరు తెలుసుకోవాలి. జనాభా పెంచాలని అక్కడి నియంత చౌషెస్కూ 1966లో గర్భస్రావాలను నిషేధించాడు. సాకలేని కుటుంబాలు బిడ్డలను ప్రభుత్వ శరణాలయాల్లో వదిలేశాయి. 1989 డిసెంబరులో ఆ ప్రభుత్వం కూలిపోయి ప్రపంచం లోపలికి తొంగిచూసేసరికి లక్షకు పైగా పిల్లలు అట్లాంటి చోట్ల ఉన్నారు. చాలాచోట్ల తిండీ, మంచమూ, పైన కప్పూ ఉన్నాయి. లేనిదల్లా తమవాళ్లంటూ ఒక మనిషి. ఒక్కొక్క ఆయా చేతికింద పదిమందికి పైగా పిల్లలు. ఆ ఆయా కూడా షిఫ్టు దిగితే ఇంకొకరు. అక్కడి గదులకు వెళ్లినవాళ్లను ముందుగా బెదరగొట్టింది నిశ్శబ్దమట. ఏడ్చినా ఎవరూ రారని తెలిసిన పసివాళ్లు ఏడుపు మానేశారు.

2000 ప్రాంతంలో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జియానా అనే ముగ్గురు పరిశోధకులు బుఖారెస్టులో ఆ శరణాలయాల్లోని 136 మంది పసిపిల్లలను ఎంచుకొని, చీట్లు తీసినట్టుగా సగంమందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. ఏళ్ల తరబడి గమనించారు. ఇళ్లకు వెళ్లిన పిల్లలు తెలివిలోనూ, మనుషులతో మెలగడంలోనూ శరణాలయంలో ఉన్నవాళ్లకంటే బాగా కోలుకున్నారు. మరీ ముఖ్యంగా రెండేళ్లలోపే ఇల్లు దొరికినవాళ్లు. ఆలస్యమైనకొద్దీ కోలుకోవడం కష్టమైంది. పిల్లవాడు పెద్దయ్యాక ప్రేమగా చూసుకుందాంలే, ముందు నాలుగు రూకలు సంపాదిద్దాం అనుకునే ప్రతి తండ్రీ ఆ రెండేళ్ల గీతను గుర్తుంచుకోవాలి. మీ ప్రమోషను మూడేళ్లు ఆగుతుంది. ఆ మెదడు ఆగదు.

భయపెట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. భయపెట్టేవాళ్లు మీకు ఇప్పటికే చాలామంది ఉన్నారు. ఇంకో కథ వినండి. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1986-87లో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అనే వైద్యురాలు, ఆమె బృందం పేదవాడల్లో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసిపిల్లలను తీసుకున్నారు. వాళ్లలో కొందరి ఇళ్లకు స్థానిక ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక్కసారి, ఒక్క గంటసేపు వెళ్లేవాళ్లు. డాక్టర్లు కారు, పెద్ద చదువులవాళ్లూ కారు. ఖాళీ సీసాలు, అట్టముక్కలు, దారపు కండెలతో చేసిన బొమ్మలు పట్టుకెళ్లి, తల్లి చేతనే బిడ్డను ఆడించి, మాట్లాడించేవాళ్లు. రెండేళ్లు అట్లా చేశారు, అంతే. ఆ పిల్లలు ఇరవై దాటాక లెక్క చూస్తే, ఆ ఆటలు అందినవాళ్ల సంపాదన అందనివాళ్లకంటే 25 శాతం ఎక్కువ తేలింది. మొదట్లో ఎదుగుదల మామూలుగా ఉన్న పిల్లల సంపాదనను వాళ్లు అందుకున్నారు. గుర్తుంచుకోండి, ఆ కార్యకర్తలు మార్చింది పిల్లవాణ్ణి మాత్రమే కాదు. బిడ్డతో ఎట్లా ఆడాలో తల్లికి తెలిసింది, కార్యకర్త వెళ్లిపోయాక కూడా ఆ ఆట ఇంట్లో మిగిలిపోయింది.

మన పల్లెల్లో అంగన్‌వాడీలు ఉన్నాయి. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల మొదలైన పథకం ఇవాళ మీ వీధి చివరదాకా వచ్చింది. గుడ్డు ఇస్తున్నారా, పాలు ఇస్తున్నారా అని అడిగేవాళ్లు కొందరైనా ఉన్నారు. అక్కడి పసివాళ్లతో కూర్చొని వారానికి ఒక గంట ఆడే యువకుడు ఎక్కడున్నాడు? వినాయకుడి పందిరికి చందాలు వసూలు చేసే యువజన సంఘం, క్రికెట్ టోర్నమెంటుకు మైకు కట్టించే యువజన సంఘం, ఒక ఆదివారం అట్టముక్కలు కత్తిరించి ఊళ్లో మూడేళ్లలోపు బిడ్డలున్న ఇళ్లకు వెళ్లలేదా? పోనీ, పుట్టినరోజు ఫ్లెక్సీకి పెట్టే డబ్బుతో ఎన్ని రంగుల కథల పుస్తకాలు వస్తాయో ఒకసారి లెక్కేసుకోండి. ఫ్లెక్సీలో మీ మొహం వర్షానికి కారిపోతుంది. అది సరే, నా దెప్పుళ్లు ఆపుతాను.

ఇప్పుడు మీ ఇళ్లకు వద్దాం.

పెళ్లి కుదిరినవాళ్లకు ముందుగా చెబుతాను. డ్రోను ఎగరేసి ఫోటోలు తీయించుకుంటున్నారు, సంగీత్‌కు నెలరోజులు రిహార్సళ్లు చేస్తున్నారు, బాగుంది. పెళ్లికి ముందు ఒక్క సాయంత్రం ఇద్దరూ కూర్చొని 'మనం ఎట్లా పోట్లాడుకుందాం?' అని ఎప్పుడైనా మాట్లాడుకున్నారా? నవ్వకండి. పోట్లాట తప్పదు. పోట్లాడని మొగుడూ పెళ్లాలు సినిమాలో కూడా ఇంటర్వెల్ దాకానే ఉంటారు. కోపం వస్తే మీరు అరుస్తారా, మౌనంగా ఉండిపోతారా, పుట్టింటికి వెళ్లిపోతారా? మీ ఇంట్లో మీ అమ్మానాన్నలు ఏం చేసేవారు? ఇది కట్నకానుకల కంటే పెద్ద మాట. ఎందుకంటే మనం పెరిగిన ఇంటి పోట్లాట పద్ధతి మన వెంటే పెళ్లిపందిట్లోకి వస్తుంది, సామాను లారీలో అన్నిటికంటే అడుగున.

పిల్లల ముందు అసలు పోట్లాడుకోకూడదని కొందరు పెద్దలు చెబుతారు. నాకు సగమే నమ్మకం. తలుపులు మూసుకొని పోట్లాడి, బయటికి వచ్చి మొహాలు మాడ్చుకొని తిరిగితే పిల్లవాడికి పోట్లాట తెలుస్తుంది, రాజీ తెలియదు. తల్లిదండ్రుల తగాదాల మీద చాలాకాలంగా పరిశోధనలు చేసినవాళ్లు చెప్పేదీ అదే: తగవు మర్యాదగా జరిగి, పిల్లల కళ్లముందే తెగిపోతే వాళ్లు తట్టుకుంటారు. ముగింపులేని తగవే వాళ్లను తినేస్తుంది. పిల్లవాడి ముందు మాట జారారా? పిల్లవాడి ముందే 'నాదే తప్పు' అనండి. మన మగపిల్లలకు ఈ రెండు మాటలు పలకడం చచ్చేంత కష్టం. మా నాయన తరంలో ఎవరి నోటా వినలేదు. మీ తరంలో వినాలి.

ఇంకో సంగతి. 1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఒక చిన్న ప్రయోగం చేశాడు. మొదట తల్లి బిడ్డతో మామూలుగా ఆడుతుంది. తర్వాత రెండు నిమిషాలు బిడ్డకు ఎదురుగానే, ఏ భావమూ లేని మొహంతో, బొమ్మలా కూర్చుంటుంది. బిడ్డ ముందు నవ్వి చూస్తాడు. చేతులు చాపుతాడు, కేక పెడతాడు. తల్లి మొహం కదలదు. అప్పుడు తల పక్కకు తిప్పేసుకుంటాడు, ఒళ్లు వాలిపోతుంది, చివరికి గుక్కపెట్టి ఏడుస్తాడు. రెండే నిమిషాలు! ఆ రోజుల్లో స్మార్ట్‌ఫోన్ లేదు. ఇప్పుడు ఏ బస్సులో చూసినా, ఏ పెళ్లి భోజనాల బల్ల దగ్గర చూసినా ఆ ప్రయోగం నడుస్తూనే ఉంది. అమ్మ ఎదురుగానే ఉంటుంది, మొహం తెరలో ఉంటుంది. రీల్స్ చూసుకునే హక్కు మీకు లేదని నేననను. బిడ్డ కొంగు పట్టుకు లాగినప్పుడు తల ఎత్తండి, చాలు. ట్రానిక్ చెప్పిన రెండో మాట ఇంకా ధైర్యాన్నిచ్చేది. మంచి తల్లులూ చాలాసార్లు బిడ్డతో శ్రుతి తప్పుతారు. తప్పాక మళ్లీ కలపడంలోనే బిడ్డ నమ్మకం నేర్చుకుంటుంది. పరిపూర్ణమైన అమ్మానాన్నలు ఎవరికీ అక్కర్లేదు. మళ్లీ తిరిగి చూసేవాళ్లు కావాలి.

బతుకుతెరువు కోసం దూరం పోయేవాళ్ల మాటేమిటి? పాలమూరు నుంచి ముంబయికి, పుణెకు మట్టిపనికి పోయే జంటలు, శ్రీకాకుళం నుంచి చెన్నై దాకా వలసపోయేవాళ్లు, కరీంనగర్, నిజామాబాద్, కడప నుంచి గల్ఫ్‌కు వెళ్లిన అన్నలు. వాళ్లకు ఇంటిపట్టున ఉండి బిడ్డను చూసుకోమని చెప్పడం కడుపు నిండినవాడి సలహా. కానీ ఒక్కటి మాత్రం చెప్పి తీరతాను. బిడ్డ నిద్రపోతుండగా దొంగలా వెళ్లిపోకండి. మన ఊళ్లలో అదొక తెలివైన పద్ధతిగా చలామణి అవుతోంది: 'మేలుకొని ఉంటే ఏడుస్తాడు, పడుకున్నాక బయల్దేరుదాం.' వాడు లేచి ఇల్లంతా వెతుకుతాడు. ఆ తర్వాత నిద్రపోవడానికే భయపడతాడు, నిద్రపోతే మనుషులు మాయమవుతారని. ఏడవనివ్వండి. చెప్పి వెళ్లండి. సంక్రాంతికి వస్తానంటే సంక్రాంతికి రండి, రాలేకపోతే రాలేనని ముందే ఫోనులో చెప్పండి. వారానికి ఒకసారి గంటసేపు మాట్లాడేకన్నా రోజూ ఒకే వేళకు రెండు నిమిషాలు మాట్లాడటం మేలు. ఆ వేళకు ఫోను మోగుతుందని బిడ్డకు తెలిసి ఉండటమే నిలకడ. అవ్వాతాతల దగ్గర వదిలి వెళ్తే ఆ ముసలివాళ్లకు బిడ్డ ముందు గౌరవం ఇవ్వండి. మీరు ఫోనులో వాళ్లను కసిరితే వాడికి మిగిలిన గోడ కూడా కూలినట్టే.

హైదరాబాదులో రాత్రి షిఫ్టుల్లో ఉన్న జంటలూ, డాలసులో, న్యూజెర్సీలో ఉన్న జంటలూ తమకు వలస వర్తించదని అనుకుంటారు. వర్తిస్తుంది. అమ్మమ్మ విజిటర్ వీసా మీద ఆరు నెలలు వస్తుంది, ఆమె విమానం ఎక్కగానే నాయనమ్మ దిగుతుంది, ఆమె వెళ్లాక డేకేరు. బిడ్డకు ఏడాదిన్నర నిండేలోగా రెండుసార్లు తన లోకం మారిపోతుంది. నగరంలో అయితే ఆయా రెండు నెలలకొకసారి మారుతుంది. దీనికి పెద్ద మందేమీ లేదు. వెళ్లేవాళ్లూ వచ్చేవాళ్లూ కొన్నాళ్లు కలిసి ఉండేలా టికెట్లు కొనండి. స్నానం, పాట, పడక వేళ మాత్రం ఎవరు వచ్చినా మారకుండా చూడండి. మనుషులు మారక తప్పకపోతే వరుసైనా మారకూడదు. మన ముసలమ్మలు రోజూ అదే చందమామను, అదే పాటతో, అదే అరుగు మీద నుంచి చూపించింది వేరే పాటలు రాక కాదు.

పదకొండేళ్లకే రెసిడెన్షియల్ కాలేజీ ఫౌండేషను కోర్సులో పడేసి, ర్యాంకుతో బయటికి రమ్మనే మన మధ్యతరగతి పిచ్చి గురించి కూడా రాయాలి. అది వేరే వ్యాసం. పేదపిల్లకు గురుకులం తలుపు తెరుస్తుంది, కాదనను. ఇల్లు నిక్షేపంలా ఉండి, బిడ్డను ఇంటికి దూరం చేసేవాళ్ల మీదే నా కోపం.

ఇప్పుడు కష్టమైన మాట. నిలకడ పేరు చెప్పి ఆడపిల్లను దెబ్బల కొంపలో కట్టిపడేయకండి. 'బిడ్డల మొహం చూసి సర్దుకోమ్మా' అని ఎన్ని పంచాయతీల్లో విన్నానో! బిడ్డల మొహం ఎవరూ నిజంగా చూడలేదు. చూసి ఉంటే గోడవైపు తిరిగి పడుకున్న మొహం కనిపించేది. కొట్టే ఇల్లు ముప్ఫై ఏళ్లు విడిపోకుండా ఉన్నా అది నిలకడైన ఇల్లు కాదు. అమ్మ ఒక చోట, నాన్న ఒక చోట ఉన్నా, ఎవరి దగ్గర ఎప్పుడుంటామో పిల్లలకు తెలిసి, ఒకరినొకరు తిట్టిపోసుకోకుండా ఉంటే అవే రెండు నిలకడైన ఇళ్లు. గృహహింస చట్టం 2005లోనే వచ్చింది. ఆడవాళ్లకు 181, పిల్లలకు 1098. ఈ రెండు నంబర్లూ మీ ఫోనులో లేకపోతే ఇప్పుడే ఎక్కించుకోండి. 2008లో 'బెల్ బజావో' అని ఒక ప్రచారం వచ్చింది. పక్కింట్లో కొడుతున్న చప్పుడు వినిపిస్తే వెళ్లి బెల్లు కొట్టు, కాసిని పాలు ఉన్నాయా అని అడుగు, చాలు. మా పక్కింటివాళ్లు ఎవరూ ఎప్పుడూ పాలు అడగడానికి రాలేదు. నలుగురు కుర్రవాళ్లు ఒక్కసారి వచ్చి వాకిట్లో నిలబడి ఉంటే ఎన్నో రాత్రులు మారిపోయేవి. మీరు నలుగురున్నారు గదా, నిలబడండి.

నేను నిలబడటం నేర్చుకున్నది 1992లోనే. అప్పుడు మా జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. రాత్రి బళ్లలో చదువు చెప్పింది ఎక్కువగా జీతం లేని కుర్రవాళ్లే, నాలాంటివాళ్లు. చేలల్లో వంగి వంగి వచ్చిన అమ్మలు, వంటలూ తిళ్లూ అయ్యాక తొమ్మిదింటికి పలక పట్టుకొని కూర్చొనేవాళ్లు. వాచకంలో సీతమ్మ కథ ఉండేది, మొగుడి తాగుడుకు బలైన ఆడమనిషి కథ. ఆ పాఠం చదివాక బళ్లో ఎవరూ మాట్లాడేవాళ్లు కారు. ఆ తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడేవాళ్లు. మా జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్లో రోశమ్మగారూ తోటి ఆడవాళ్లూ సారా అంగడి మూయించారు. ఊరి నుంచి ఊరికి ఆ నిప్పు పాకింది. మొదట మా జిల్లాలో, ఆ తర్వాత 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందైంది. చరిత్ర పుస్తకాలు దీన్ని సారా వ్యతిరేక ఉద్యమం అంటాయి. నాకు మాత్రం అది ఇంటి నిలకడ కోసం జరిగిన ఉద్యమమే. కూలిడబ్బులు ఇంటికి రావాలి, పొయ్యి వెలగాలి, బిడ్డలు బెదరకుండా పడుకోవాలి, ఇవే ఆ అమ్మలు కోరుకున్నవి. చట్టాలు వచ్చాయి, పోయాయి. 1995లో మొత్తం మద్యమే నిషేధించారు, 1997లో ఎత్తేశారు. ఇవాళ బెల్టు షాపు లేని ఊరు వెతికితే గానీ దొరకదు. ఆ పోరాటం మళ్లీ మీ వాకిట్లోకే వచ్చి కూర్చుంది.

మా ఇంట్లో ఏమైందో కూడా చెప్పాలి. నాయన ఒక్కరోజులో మారిపోలేదు. ఆయనను మార్చడం నా చేతుల్లో లేదు. ఆగిపోయిన ముద్దను చూసిన మర్నాటి నుంచి నా చేతిలో ఉన్నదొక్కటే చేశాను. రాత్రి బడికి పోకముందు, ఎనిమిది నుంచి తొమ్మిది దాకా చెల్లెలి పక్కన లాంతరు పెట్టుకొని కూర్చొనేవాణ్ణి. బయట సైకిలు ఎట్లా చప్పుడు చేసినా సరే, లేచేవాణ్ణి కాదు. ఎక్కాలు చెప్పించేవాణ్ణి, లెక్కలు చేయించేవాణ్ణి. రాకుండా ఉన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. హవాయి దీవుల్లో కావాయ్ అనే చోట ఎమ్మీ వెర్నర్ అనే ఆవిడ 1955లో పుట్టిన 698 మంది పిల్లలను నలభై ఏళ్ల వయసు దాకా గమనించిందని ఆ తర్వాత ఎప్పుడో చదివాను. పేదరికం, తాగుడు, తగవుల మధ్య పుట్టినవాళ్లలో కూడా మూడో వంతుమంది చక్కగా ఎదిగారు. వాళ్లలో చాలామందికి ఎవరో ఒక నిలకడైన మనిషి దొరికారు. అమ్మో నాన్నో కానక్కర్లేదు. అవ్వ, టీచరు, పొరుగావిడ, అన్న. ఆ జాబితాలో అన్న కనిపించేసరికి పుస్తకం మూసి కాసేపు అట్లా కూర్చుండిపోయాను. నేను శాస్త్రం తెలిసి చేయలేదు. ఇంకేం చేయాలో తోచక చేశాను.

మీకూ ఇంకేం చేయాలో తోచకపోవచ్చు. హాస్టలు నుంచి ఇంటికి వెళ్తే తమ్ముడు గది మూసుకొని ఉంటాడు, అక్క కూతురు నాలుగేళ్లది అందరి ఫోన్ల చుట్టూ తిరుగుతూ ఉంటుంది, పక్క పోర్షనులో అరుపులు వినిపిస్తుంటాయి. ఒక వేళ పెట్టుకోండి. ఒక బిడ్డను ఎంచుకోండి. కథ చెప్పండి, పేక ముక్కలతో మేడ కట్టండి, లెక్క చేయించండి, ఏదైనా సరే. రేపూ ఆ వేళకే వెళ్లండి. ఎల్లుండి స్నేహితులు సినిమాకు పిలిచినా వెళ్లండి. విసుగొస్తుంది. ఊళ్లో ఎవరూ మెచ్చుకోరు, వీడియో తీసి పెట్టినా ఎవరూ చూడరు. వెళ్లండి.

మా చెల్లెలికి ఇప్పుడు నలభై. ఆస్పత్రిలో నర్సు. దానికి పన్నెండేళ్ల కొడుకు, సాయంత్రం వాళ్లాయన స్కూటరు చప్పుడు వినిపించినా టీవీ మీద నుంచి కళ్లు తిప్పడు. మొన్న పండక్కి వెళ్లినప్పుడు ఆ లాంతరు రోజులు కదిపాను, కాస్త గొప్ప కోసం. అది పకపకా నవ్వింది.

'నువ్వు చేయించిన లెక్కల్లో సగం తప్పులేనన్నా. మా అయ్యవారి చేత ఎన్ని దెబ్బలు తిన్నానో తెలుసా! చెప్పలేదంతే, చెబితే నువ్వు మానేస్తావని.'

ఇది చదవడం ముగిసేసరికి టైం ఎంతయిందో చూసుకోండి. మీ ఇంట్లో బిడ్డ ఎవరైనా ఇంకా మేలుకొని ఉంటే, ఈ పత్రిక పక్కన పెట్టి వెళ్లండి.